గాలి అందరిది, నీళ్లు ఎవలియి?

ఫోన్ల రీల్స్ చూసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ వీడియో ఎప్పుడో ఒకసారి ఎదురై ఉంటది. మోకాలు మునగనంత నీళ్లు, అద్దంలెక్క సాఫుగ ఉంటయ్. ఒక మనిషి పాదాలకు పలక తగిలించుకొని, నడుముకు పట్టీ బిగించుకొని, పైన ఆకాశంల పెద్ద రంగుల పటం ఎగరేసుకుంట ఆ నీళ్ల మీద బైకు లెక్క దూసుకపోతుంటడు. నడుమ నడుమ పటం గుంజి ఇంటి కప్పంత ఎత్తు గాల్లకు లేస్తడు. దీన్నే కైట్ సర్ఫింగ్ అంటరు. శ్రీలంకల కల్పిటియా నుంచి, మన దేశంల రామేశ్వరం, తూత్తుకుడి ఒడ్డుల నుంచి ఇసొంటి వీడియోలు బాగ వస్తున్నయ్.

మన పాల్వంచ, ఇల్లందు, బూర్గంపాడు, భద్రాచలం దిక్కు పోరలకు ఈ ఆటతోటి ఏం పని అని మీరు అడుగుతరు. అడగాల్సిందే. మనకు సముద్రం లేదు. నేను ఈ జిల్లా మనిషినే, నాకు పటం అంటే సంక్రాంతికి మిద్దె మీద ఎగరేసేదే. ఆ ఆట నేర్చుకోండ్రి అని చెప్పనీకి ఈ ముచ్చట ఎత్తలే. ఒక ఊరి నీళ్లల్లకు బయటి ఆట, బయటి పైసలు వచ్చినంక ఆ ఊరోళ్ల బతుకు ఎట్ల మారుతదో ఈ కైట్ సర్ఫింగ్ కథల సాఫుగ కనబడుతది. కిన్నెరసాని మీద, గోదారి మీద, ఖమ్మం లకారం చెరువు మీద టూరిజం అని రోజూ మాటలు ఇంటున్నం. అందుకే ఆ కథ మనకు ఇప్పుడే తెలవాలె.

ఆట ఎట్ల నడుస్తది

ముందుగాల ఆట సంగతి చూద్దాం. ఆ పటం మన కాగితం పటం లెక్క ఉండదు. ముందు అంచుకు పెద్ద ట్యూబు ఉంటది. సైకిల్ ట్యూబుకు కొట్టినట్టు దానికి పంపుతోటి గాలి కొడుతరు. అందుకే నీళ్లల్ల పడ్డా మునగదు, మళ్ల గాల్లకు లేపొచ్చు. 1984ల ఫ్రాన్సుల లెగెన్యూ అన్నదమ్ములు దీనికి పేటెంట్ తీసుకున్నరు. ఇరవై మీటర్లు దాటి పొడుగుండే తాళ్లు పటం నుంచి చేతిల కర్రకు వస్తయ్. గాలి జోరు ఎక్కువైతే పటాన్ని టక్కున ఇడిసిపెట్టనీకి ఒక మీట ఉంటది. ప్రాణం ఆ మీట మీదనే ఆధారపడి ఉంటది.

2024 పారిస్ ఒలింపిక్స్‌ల ఇది మొదటిసారి మెడల్ ఆట అయ్యింది. పోటీలు మార్సెయ్ సముద్రంల పెట్టిన్రు. ఆడోళ్లల్ల బ్రిటన్‌కు చెందిన ఎల్లీ ఆల్డ్రిడ్జ్, మొగోళ్లల్ల ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బోంటస్ గోల్డ్ కొట్టిన్రు. మన దేశం నుంచి ఆ ఒలింపిక్స్‌ల సెయిలింగుకు పోయింది ఇద్దరే, విష్ణు శరవణన్, నేత్ర కుమనన్. ఇద్దరూ తెరచాప పడవల పోటీలకే పోయిన్రు. కైట్‌ల మనోళ్లు ఎవలూ లేరు.

ఈ ఆట నేర్సుకునేటోళ్లు ఎసొంటి జాగ ఎతుకుతరో గమనించండ్రి. గాలి గంటకు ఇరవై అయిదు, ముప్పై కిలోమీటర్ల మీద ఆగకుంట ఒకే తీరుగ కొట్టాలె. నీళ్లు లోతు ఉండొద్దు, పడ్డోడు లేసి నిలబడేటట్టు ఉండాలె. అలలు ఉండొద్దు. ఈ మూడూ ఒక్కకాడ దొరికేది సముద్రపొడ్డున ఉండే లాగూన్లల్లనే. సముద్రానికీ దానికీ నడుమ ఒక ఇసుక దిబ్బ ఉంటది. ఆ దిబ్బ అలలను ఆపుతది కానీ గాలిని ఆపదు. అందుకే అక్కడ గాలి సముద్రం గాలే, నీళ్లు మాత్రం చెరువు నీళ్ల లెక్క ఉంటయ్.

ఇప్పుడు ఇదే జాగను చాపలోళ్ల కండ్లతోటి చూడండ్రి. లోతు లేని, అల లేని, ఉప్పు నీళ్లు తీపి నీళ్లు కలిసే జాగలనే రొయ్య పిల్లలు, చాప పిల్లలు పెరుగుతయ్. పెద్ద మరబోటు కొనలేనోడు కూడ చిన్న పడవతోటి, చేతి వలతోటి అక్కడ బతకొచ్చు. అంటే ఆట ఆడేటోళ్లకు ఏ నీళ్లు ముద్దొస్తయో, పేద చాపలోళ్లకు బువ్వ పెట్టేది గూడ అవే నీళ్లు. నీళ్లల్ల పాతిన వల గుంజలకు తగిలితే ఆట ఆడేటోడి కాళ్లు చేతులు పోతయ్. పటం తాళ్లు వలల్ల చిక్కుకుంటే చాపలోడి వల పోతది. అక్కడ్నే లొల్లి షురూ అయితది.

మన తెలుగోళ్లకు అసొంటి జాగ ఉంది

తెలుగు నేల మీద అట్లాంటి లాగూన్ ఏదంటే పులికాట్ సరస్సే. తిరుపతి జిల్లా సూళ్లూరుపేట దిక్కు ఉంటది, కొంత భాగం తమిళనాడుల ఉంది. ఒడిశా చిలికా తర్వాత మన దేశంల రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. సగటు లోతు ఒక మీటరు దగ్గర ఉంటది. సముద్రానికీ సరస్సుకూ నడుమ శ్రీహరికోట దీవి అడ్డం ఉంది, ఇస్రో రాకెట్లు ఎగిరేది అక్కడ్నుంచే. ఉత్తరం దిక్కు నీళ్లు ఎండకాలం చానా మటుకు ఎండిపోతయ్.

కాగితం మీద లెక్క ఏసుకుంటే కైట్ సర్ఫింగ్‌కు ఇంతకంటే మంచి జాగ ఉండదు. కానీ పులికాట్‌ల ఆంధ్ర భాగం పక్షుల అభయారణ్యం. చలికాలం ఫ్లెమింగోలు వేలకు వేలు వచ్చి ఆ లోతు లేని నీళ్లల్లనే నిలబడి తింటయ్. సూళ్లూరుపేటల ఫ్లెమింగో ఫెస్టివల్ చేసేది వాటి పేరు మీదనే. తల మీద పెద్ద పటం తిరుగుతుంటే పక్షికి అది గద్ద లెక్క కనబడుతది, మేత ఇడిసి లేసిపోతది. ఒకసారి లేస్తే పోయేదేమీ లేదు. పొద్దంతా లేపుకుంట పోతే దాని ఒంట్ల బలం పోతది. జర్మనీ ఉత్తరాన వాడెన్ సముద్రం నేషనల్ పార్కుల ఈ ఆటకు గీత గీసి ఇంతవరకే అని జాగలు ఇచ్చిన్రు. ఆటను మొత్తానికే బంద్ పెట్టలే, ఇష్టమొచ్చినట్టు వదిలెయ్యలే. ఆ మధ్య దారి నాకు నచ్చింది.

పులికాట్‌ల మనం నేర్వాల్సింది ఇంకోటి ఉంది. అక్కడ, ఎక్కువగ తమిళనాడు దిక్కు, చాపలోళ్ల ఊర్లల్ల ‘పాడు’ అనే పాత పద్ధతి ఉంది. ఏ రోజు ఎవలు ఏ జాగల వల ఎయ్యాల్నో వంతులు ఏసుకుంటరు. మంచి జాగ ఒక్కడే పట్టుకోకుంట అందరికీ తిరిగి తిరిగి వస్తది. సర్కారు రాసిన కాయితం ఏదీ లేకుంటనే తరతరాలుగ నడిసింది. అట్లని అది అందరికీ న్యాయం చేసిందని చెప్పలేం. ఇరుళ్లు, యానాదులు అసొంటి ఆదివాసులకు ఆ వంతులల్ల చోటు దొరకలే, వాళ్లు నీళ్లల్ల నడుసుకుంట చేతులతోటి తడిమి రొయ్యలు పట్టుకొని బతికిన్రు. నీళ్ల మీద హక్కు అని మాట్లాడేటప్పుడు ఈ రెండు సంగతులూ గుర్తుండాలె. ఊరు కూసొని నీళ్లను పంచుకోగలదు. ఆ పంపకంల ఆఖరి ఇంటోడు కూడ ఉన్నడా లేడా అని అడిగేటోడు లేకుంటే, ఊరి పంపకం కూడ అన్యాయమే అయితది.

కల్పిటియాల ఏమైంది

శ్రీలంక పడమటి ఒడ్డున పుత్తళం జిల్లాల కల్పిటియా ఉంది. ఒకప్పుడు అది చాపల ఊరు. 2009ల యుద్ధం ఆగినంక టూరిజం పెంచాలని సర్కారు పద్నాలుగు దీవులను కలిపి పెద్ద రిసార్టుల ప్లానును ముందుకు తోసింది. అదే టైముల గాలి కోసం కైట్ సర్ఫింగ్ చేసేటోళ్లు ఐరోపా నుంచి రాబట్టిన్రు. ఇప్పుడు ఈ ఆటకు ఆసియాల పేరున్న జాగలల్ల అదొకటి.

మంచి జరగలేదని అనను. అక్కడి పోరలు కొందరు ఆట నేర్సుకొని, సర్టిఫికెట్ తెచ్చుకొని, బయటి దేశపోళ్లకు నేర్పే మాస్టర్లు అయిన్రు. ఇంట్ల ఒక గది కిరాయికి ఇచ్చి బతికేటోళ్లు ఉన్నరు. కానీ ఇంకో దిక్కు దీవుల భూములు చేతులు మారినయ్, ఒడ్డుకు పోయే బాటలకు కంచెలు పడ్డయ్, పడవ కట్టేసుకునే జాగ పోతున్నదని చాపలోళ్లు రోడ్ల మీదికి వచ్చిన్రు. ఒకే ఊర్లె ఒక ఇంట్ల పిలగాడు మాస్టరు అయ్యిండు, పక్క ఇంటాయనకు తన పడవ కాడికి పోయే బాట లేకుంట పోయింది.

ఈ కథను నాలుగు మెట్లుగ చూస్తే సులువుగ అర్థమైతది. పై మెట్టు భూమి, రూములు. రెండోది లైసెన్సు, అంటే ఈ నీళ్లల్ల ధందా చేసే హక్కు. మూడోది పనితనం ఉన్న కొలువు: ఆట నేర్పే మాస్టరు, బోటు నడిపే సరంగు, మునిగినోణ్ని తీసే రెస్క్యూ మనిషి. నాలుగోది గిన్నెలు కడుగుడు, సామాను మోసుడు, గేటు కాడ నిలబడుడు. పైసలు పై రెండు మెట్ల మీదనే ఆగిపోతయ్. మూడో మెట్టు ఎక్కినోడు ఇల్లు కట్టుకుంటడు. నాలుగో మెట్టు మీద ఉన్నోడు సీజన్ అయిపోంగనే కూలికి పోతడు. ఏ ఊర్ల టూరిజం వచ్చినా ఊరోళ్లు ఏ మెట్టు మీద ఉన్నరో చూస్తే చాలు, ఆ అభివృద్ధి ఎవలిదో తెలిసిపోతది.

మన గోదారి మీద ఏ మెట్టు మనది

ఇగ మన దిక్కు వద్దాం. భద్రాచలం రాముణ్ని చూసొచ్చినోళ్లు పాపికొండలు చూడాలంటరు. పోచవరం కాడ బోటు ఎక్కుతరు. ఆ పోచవరం ఉన్న వీఆర్ పురం మండలం 2014 దాకా మన ఖమ్మం జిల్లానే, పోలవరం కోసమని ఏడు మండలాలను ఆంధ్రల కలిపినప్పుడు పోయింది. నడుమల పేరంటాలపల్లి కాడ బోటు ఆపుతరు. అక్కడ కొండరెడ్లు వెదురుతోటి చేసిన పూల బుట్టలు, బొమ్మలు ఒడ్డు మీద పెట్టుకొని అమ్ముతరు. బోటు ఆగినంతసేపే వాళ్ల బేరం. బోటు టికెట్ల వాళ్లకు వాటా లేదు. పోలవరం నీళ్లు నిండుతే ఆ ఊరే మునుగుతది. నా నాలుగు మెట్ల లెక్కల వాళ్లు ఎక్కడున్నరో మీరే చెప్పండ్రి.

ఈ గోదారి ఎసొంటిదో 2019 సెప్టెంబర్ 15న అందరికీ తెలిసొచ్చింది. గండి పోచమ్మ గుడి కాడ బయలెల్లిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు కాడ మునిగింది. అప్పుడు గోదారి వరద మీద ఉంది. హైదరాబాదోళ్లు, వరంగల్ పక్కన కడిపికొండోళ్లు, ఆంధ్ర జిల్లాలోళ్లు, ఎంతోమంది పాణాలు పోయినయ్. బతికింది 26 మంది. వాళ్లను బతికించింది ఎవలు? సైరన్ ఏసుకొని వచ్చినోళ్లు కాదు. కచ్చులూరు గిరిజనులు కేకలు ఇని తమ పడవలు ఏసుకొని సుడిల్లకు పోయి ఒడ్డుకు తెచ్చిన్రు.

ఆ తర్వాత బోటును బయటికి తియ్యనీకి పెద్ద పెద్ద టీములు వచ్చినయ్. నీళ్ల లోతు, సుడి, బురద చూసి చానా రోజులు పని కాలే. ఆఖరికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం టీము లంగర్లు, ఇనుప రోపులు, కొక్కేలు ఏసి అక్టోబర్ 22న దాన్ని ఒడ్డుకు గుంజింది. నీళ్ల మీద బతికినోళ్లకు ఉండే తెలివి ఏందో ఆ రోజు దేశమంతా టీవీల చూసింది.

నన్ను తొలిచే ప్రశ్న ఇదే. బోటు మునిగినప్పుడు మనకు కచ్చులూరోళ్లు కావాలె. బోటు నడిచినప్పుడు, టికెట్లు తెగినప్పుడు వాళ్లెందుకు వద్దు? ఏ మలుపుల సుడి ఉంటదో, ఎంత వరదకు ఎక్కడ నీళ్లు ఎదురు తిరుగుతయో తెలిసినోణ్ని సరంగు పక్కన జీతమిచ్చి కూసోబెట్టుకుంటే ఆ బోటు అటు పోయేదా? ఆ ప్రమాదం తర్వాత బోట్లు కొన్నాళ్లు బంద్ పెట్టి, కంట్రోల్ రూములు పెట్టి మళ్ల ఇడిసిన్రు. కంట్రోల్ రూము అవసరమే. కానీ ఒడ్డు ఊర్ల మనిషికి ఆ రూముల కుర్సీ లేకుంటే సగం పనే అయినట్టు.

కిన్నెరసానిల పటం ఎగరదు, కానీ

పాల్వంచ కాడ కిన్నెరసాని రిజర్వాయర్ మన జిల్లాల టూరిజం అంటే మొదట గుర్తొచ్చేది. కొత్తగూడెం థర్మల్ స్టేషన్‌కు నీళ్లు ఇయ్యనీకి కట్టిన డ్యామ్ అది. చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యం. నీళ్ల నడుమ చిన్న చిన్న దీవులు, ఒడ్డున జింకల పార్కు, నీళ్లల్ల మొసళ్లు. ఆదివారం వస్తే కొత్తగూడెం, ఖమ్మం నుంచి జనం బండ్లు కట్టుకొని వస్తరు.

అక్కడ కైట్ సర్ఫింగ్ పెట్టొచ్చా అని ఎవలన్న అడుగుతే, వద్దని గట్టిగ చెప్తా. చుట్టూ గుట్టలు, చెట్లు. సముద్రం గాలి లెక్క ఒకే తీరుగ రాదు. గుట్టకు తగిలి ఇరిగిపోయి, ఒకసారి గుంజుతది, ఒకసారి సచ్చిపోతది. అసొంటి గాలిల పటం పట్టుకున్నోణ్ని అది ఏ చెట్టుకు కొడుతదో చెప్పలేం. పడ్డకాడ నిలబడనీకి లోతు తక్కువ కాదు, పైంగ మొసళ్లు. గోదారిల అయితే అసలే కాదు. మన దిక్కు గాలి బలంగ ఉండేది నైరుతి వానకాలం. అప్పుడే గోదారి పొంగుతది. 2022 జులై 16న భద్రాచలం కాడ 71 అడుగులు దాటిన నీళ్లను చూసినోళ్లకు ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. ఏదో రీల్ చూసి అదే తెచ్చి మన నీళ్లల్ల పెట్టుమంటే పాణాల మీదికి వస్తది.

మన నీళ్లకు సరిపడే ఆటలు వేరే ఉన్నయ్. కయాకింగ్, కనోయింగ్, రోయింగ్, తెరచాప పడవ. మొసళ్లు లేని చెరువులల్ల, లైఫ్ జాకెట్ ఏసుకొని, పక్కన రెస్క్యూ బోటు పెట్టుకొని ఆడే ఆటలు ఇవి. తెడ్డు పట్టుడు గోదారి ఒడ్డు పిల్లలకు కొత్త ఇద్య కాదు. చిన్నప్పటి నుంచి నాటు పడవ నడిపిన పిల్లకు భుజంల బలం, నడుముల నిలకడ ముందుగాలే ఉంటయ్. కావాల్సింది పడవ, మాస్టరు, పొద్దుగాల తినే గుడ్డు.

మాటలు చెప్తున్ననని అనుకోవద్దు. మధ్యప్రదేశ్‌ను చూడండ్రి. మన తెలంగాణ లెక్కనే దానికీ సముద్రం లేదు. కానీ భోపాల్ పెద్ద చెరువుల సెయిలింగ్ స్కూలు ఉంది. దేవాస్ జిల్లా పల్లెటూరి రైతు బిడ్డ నేహా ఠాకూర్ అక్కడ నేర్సుకొని, 2023 సెప్టెంబర్‌ల చైనాల హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌ల సిల్వర్ మెడల్ తెచ్చింది. అప్పటికి ఆమె వయసు 17 ఏండ్లు. మన హైదరాబాద్‌ల హుస్సేన్ సాగర్ మీద యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బస్తీ పిల్లలకు, సర్కారు బడి పిల్లలకు సెయిలింగ్ నేర్పి జాతీయ పోటీల దాకా తీసుకపోయింది. హుస్సేన్ సాగర్ నీళ్ల మీద అయ్యే పని, మన జిల్లా నీళ్ల మీద ఎందుకు కాదు?

కిన్నెరసాని కాడనే గిరిజన సంక్షేమ శాఖ స్పోర్ట్స్ స్కూలు ఉంది. కబడ్డీల, వాలీబాల్‌ల ఆడే మన కోయ, లంబాడ పిల్లల కాళ్ల కిందనే అంత నీళ్లు ఉన్నయ్. నీళ్ల ఆటల మీద పెట్టే ప్రతి రూపాయీ ముందు ఆ పిల్లల కోసం పెట్టాలె, తర్వాతనే టూరిస్టు బోటు కోసం. ఆడిన పిల్లల్ల పది మందికి మెడల్ వస్తది, మిగిలినోళ్లు ఊర్లల్ల సరంగులు, మాస్టర్లు, రెస్క్యూ మనుషులు అయితరు. మూడో మెట్టు ఎక్కేది అట్లనే.

చట్టం మన చేతుల్ల ఏం పెట్టింది

‘మనం అడుగుతే ఎవలు ఇంటరు’ అనే మాట మన ఊర్లల్ల బాగ ఇనబడుతది. అడగనీకి కాయితం మన దిక్కు ఉంది. 1996 పెసా చట్టం ఏజెన్సీల చిన్న నీటి వనరుల ప్లానింగ్, నిర్వహణ పంచాయతీల చేతుల్ల పెట్టాలని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం ఊరి ఉమ్మడి హక్కులల్ల నీళ్లల్ల దొరికే చాపలను, ఇతర వాటిని పేరు పెట్టి చేర్చింది. పోడు పట్టా కోసం మనం ఎంత కొట్లాడినమో అందరికీ తెలుసు. కానీ అదే చట్టంల ఉన్న నీళ్ల హక్కు కోసం దరఖాస్తు పెట్టిన ఊరు మీకు ఎరుకేనా? మీ ఊర్ల ఒకసారి అడిగి చూడండ్రి.

భూమి సంగతి ఇంకా గట్టిగ ఉంది. 1970ల వచ్చిన 1/70 రూలు ప్రకారం ఏజెన్సీల భూమి గిరిజనేతరులకు పోవద్దు. 1997ల సమత కేసుల సుప్రీంకోర్టు, ఏజెన్సీల సర్కారు భూమిని కూడ గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇయ్యొద్దని చెప్పింది. గనులు తవ్వితే గిరిజనుల సహకార సంఘాలు తవ్వొచ్చని, లాభంల కనీసం 20 శాతం ఆ ప్రాంతం కోసం పక్కన పెట్టాలని కూడ ఆ తీర్పుల ఉంది. అది గనుల కేసు అన్నది నిజం. కానీ రిసార్టు కూడ ఆ భూమి మీదనే కడుతరు, ఆ నీళ్లు చూపించే పైసలు సంపాదిస్తరు. గనులకు ఉన్న న్యాయం టూరిజానికి ఎందుకు ఉండొద్దని అడిగే హక్కు మనకు ఉంది. కోయ మనిషి పేరు మీద భూమి పెట్టి, ఎనక నుంచి బయటోడు హోటల్ నడిపే బినామీ కథలు ఏజెన్సీల కొత్త కాదు. ఆ కోయ మనిషికి నెలకు ఎంత ముడుతదో అతని ఇంటికి పోయి అడుగుతే టూరిజం లెక్క బయటపడుతది.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. గిన్ని రూల్స్ పెడితే పెట్టుబడి ఎవడు పెడతడు, అడవి జిల్లా ఇట్లనే ఎనకబడి ఉంటది, డిగ్రీ చదివిన పోరలు హైదరాబాద్‌ల డెలివరీ బండ్లు నడుపుకుంటనే ఉంటరు అంటరు. ఈ మాటల బాధ ఉంది, నేను కొట్టిపారెయ్యను. ఇంటికాడ కొలువు లేక పట్నం పోయినోళ్లు నా సోపతిగాళ్లల్ల చానామంది. కానీ బయటోడి పెట్టుబడి వచ్చి నాలుగో మెట్టు కొలువే ఇస్తే, పోరడు పట్నం పోవుడు ఆగదు. అదే జీతానికి గేటు కాడ నిలబడే బదులు పట్నంలనే బండి నడుపుతడు. ఊర్లె ఉండాలంటే ఊర్లె గౌరవంగ బతికే పని ఉండాలె. అది లైసెన్సుల వాటా నుంచి, పనితనం నుంచి వస్తది.

మనం అడగాల్సింది

నేను కోరేది పెద్దగ ఏం లేదు. మన జిల్లాల ఏ నీళ్ల మీద బోటింగ్ పెట్టినా, టెండర్ పిలిచే ముందు ఒడ్డు ఊర్ల గ్రామసభ పెట్టాలె. చాపల సొసైటీకి, మహిళా సంఘానికి బోటు నడిపే మొదటి హక్కు ఇయ్యాలె. వాళ్లు వద్దంటేనే బయటోణ్ని పిలవాలె. వల ఏసే జాగ, బోటు తిరిగే జాగ, పక్షులు, మొసళ్లు ఉండే జాగ వేరు వేరుగ గీత గీసి బోర్డు పెట్టాలె. చాపలు గుడ్లు పెట్టే నెలల్ల మోటారు బోట్లు ఆ గీత దాటొద్దు.

పాణాల సంగతి అన్నిటికంటే ముందు. 2021ల కొత్త ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం వచ్చింది. బోటుకు రిజిస్ట్రేషన్, తనిఖీ, నడిపేటోడికి సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ ఉండాలని అది అంటున్నది. బోటు ఎక్కే ముందు ఆ కాయితం చూపియ్యుమని అడగండ్రి, సిగ్గుపడొద్దు. భద్రాచలం కాడ గోదారి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తరని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. టూరిస్టుకు తెలవదు. ఆ నంబరు టికెట్ మీదనే అచ్చు కావాలె. సరంగు సర్టిఫికెట్ పరీక్షకు ఒడ్డు ఊర్ల పిల్లలకు తెలుగుల ట్రైనింగ్ ఇచ్చి, ఫీజు ఐటీడీఏ కట్టాలె. ఇయ్యన్నీ చేస్తే అయ్యే ఖర్చు ఒక అద్దాల మేడ కట్టే ఖర్చు కంటే తక్కువనే ఉంటది.

తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీ చేతుల్ల ఉన్న ఫోను తోటి మీరు చేసే పని ఒకటి ఉంది. మీ ఊరి చెరువు, వాగు, రిజర్వాయర్ ఎవలి పేరు మీద ఉంది, చాపల లీజు ఎవలికి పోయింది, ఎంతకు పోయింది, ఏ తారీఖున అయిపోతది, ఈ నాలుగు సంగతులు పంచాయతీ ఆఫీసుల, మత్స్యశాఖ ఆఫీసుల అడిగి రాసుకోండ్రి. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు ఎయ్యండ్రి, తెల్ల రేషన్ కార్డు ఉంటే ఫీజు కూడ అడగరు. వచ్చిన కాయితాన్ని గ్రామసభల సదివి ఇనిపియ్యండ్రి. మీ అమ్మ, మీ తాత ఆ నీళ్ల గురించి ఏం చెప్తరో కూడ రాసి పెట్టుకోండ్రి, ఎక్కడ సుడి, ఎక్కడ మడుగు, ఏ నెలల ఏ చాప అని. రేపు టెండర్ కాయితం పట్టుకొని ఎవలన్న ఊర్లకు వస్తే, వాళ్ల ముందు పెట్టనీకి మన కాడ కూడ ఒక కాయితం ఉండాలె.